మొదటి వాటా ఎవరిది?

పంట పండించడం ఒక విద్య, పండిన దానిని నిలువ ఉంచుకోవడం మరొక విద్య. ఈ రెండవ విద్యకు కావలసిన గాదెలనూ, పాతర్లనూ, గడ్డి పురులనూ పూర్వం రైతు తన పెరటిలోనే, చాలావరకు తన చేతులతోనే అమర్చుకొనేవాడు. నేడు కోత యంత్రాలు వచ్చి ఊరి పంట అంతా వారం పది రోజులలో ఒక్కసారిగా చేతికి వస్తున్నది. దానిని ఆరబెట్టడానికి సిమెంటు కల్లం కావాలి. దాచడానికి తేమ తగలని, ఎలుక దూరని గిడ్డంగి కావాలి. ఇవి పెరటి సామగ్రితో అయ్యే పనులు కావు. ఇల్లు కట్టి చూడమన్న సామెతలోని హెచ్చరిక గొడ్ల కొట్టానికీ, గిడ్డంగికీ కూడా చెల్లుతుంది. అందుచేతనే, ఖర్చులో కొంత ప్రభుత్వమూ కొంత రైతూ భరించే వాటా పద్ధతి అనేక దేశాలలో అమలులోకి వచ్చింది.

మన దేశంలో దీనికి ముందు నడిచినది అప్పు పద్ధతి. బావి తవ్వుకోవడానికీ, గట్టు వేసుకోవడానికీ, భూమిని బాగుచేసుకోవడానికీ ప్రభుత్వం అప్పు ఇచ్చేందుకు 1883లో భూమి అభివృద్ధి రుణాల చట్టం వచ్చింది. ప్రజలు దానిని ‘తక్కావీ’ అన్నారు. బలం చేకూర్చడమన్న అర్థం గల అరబ్బీ మాట అది. అయితే ఆ బలాన్ని రైతు తిరిగి చెల్లించవలసిందే. బాకీ పడితే భూమి శిస్తు బకాయి వలెనే వసూలు చేసేవారు. తిరిగి చెల్లించనక్కరలేని వాటా ఆ తరువాతి ఆలోచన. అమెరికాలో నేల సంరక్షణ పనుల ఖర్చును ప్రభుత్వం పంచుకోవడం 1936 నాటి చట్టంతో స్థిరపడింది. బ్రిటన్‌లో 1957 నాటి వ్యవసాయ చట్టం రైతు కట్టే కట్టడాలకు, చేసే శాశ్వత అభివృద్ధి పనులకు అయ్యే వ్యయంలో మూడవ వంతును గ్రాంటుగా ఇచ్చింది.

మన గ్రామీణ గిడ్డంగుల పథకం 2001లో మొదలైంది. కోతల కాలంలో ధర పడిపోయి ఉన్నప్పుడు రైతు తెగనమ్ముకోనక్కరలేకుండా, సరుకు దాచుకొని, దాని మీద అప్పు తెచ్చుకొని, మంచి ధర వచ్చే వరకు ఆగగలగాలన్నది దాని ఉద్దేశం. ఖర్చులో నాలుగవ వంతు సబ్సిడీగా నిర్ణయించారు; షెడ్యూల్డు కులాలు, తెగల వారికి అది మూడవ వంతు. ఉద్దేశం ప్రశస్తమైనదే. కాని వాటాల పథకాన్ని అంచనా వేయడానికి ప్రభుత్వం ఎంత ఇస్తున్నదని అడిగితే చాలదు. అది ఎప్పుడు ఇస్తున్నది, అంతకుముందు ఎవరు ఎంత పెట్టవలసి ఉన్నది అని కూడా అడగాలి.

ఒక గిడ్డంగికి 8 లక్షల రూపాయలు అవుతాయనుకుందాం. అందులో సర్కారు వాటా 2 లక్షలు. రైతు సొంత సొమ్ము 2 లక్షలు, బ్యాంకు అప్పు 4 లక్షలు అనుకోవచ్చు. ఈ పథకంలో సర్కారు వాటా రైతు చేతికి రాదు. బ్యాంకులో ప్రత్యేక ఖాతాలో ఉండి, అప్పు తీరే చివరి దశలో జమ అవుతుంది. గిడ్డంగి నిజంగా కట్టారా, దానిని వాడుతున్నారా అని చూడడానికి ఈ జాగ్రత్త అవసరమే. అయినా, సొంత సొమ్ము 2 లక్షలూ, అప్పుకు హామీగా చూపే భూమి పత్రమూ లేనివాడు ఈ గడప దాటలేడు. 2020లో నెలకొల్పిన వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధిదీ ఇదే తీరు. 2 కోట్ల రూపాయల వరకు అప్పుపై ఏడేళ్లపాటు 3 శాతం వడ్డీ తగ్గింపు అది ఇచ్చే మేలు. మేలు పొందాలంటే ముందు అప్పు పుట్టాలి.

పరిమాణం మరొక చిక్కు. గిడ్డంగుల పథకం సాధారణంగా కోరిన కనీస సామర్థ్యం 100 టన్నులు. రెండెకరాల వరి రైతుకు ఒక కారులో వచ్చేది సుమారు ఐదు టన్నులు. అలాంటి వారు ఇరవై మంది కలిస్తేగాని ఆ గిడ్డంగి నిండదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని కమతాలలో 86 శాతం చిన్న, సన్నకారు రైతులవే.

బిందుసేద్యం సంగతి పోల్చి చూడదగినది. కేంద్ర పథకం చిన్న, సన్నకారు రైతులకు 55 శాతం, ఇతరులకు 45 శాతం సహాయం నిర్ణయించింది. దానికి తమ సొమ్ము కలిపి రాష్ట్రాలు ఆ సహాయాన్ని పెంచాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో ఆరంభమైన సూక్ష్మ సేద్య పథకంలో రైతు తన వాటా మాత్రం ముందు కట్టేవాడు. పరికరాలు అమర్చిన కంపెనీకి మిగతా సొమ్ము ప్రభుత్వం చెల్లించేది. బిల్లు కోసం ఎదురుచూసే భారం రైతు మీద కాక కంపెనీ మీద పడింది. కట్టడాల పథకాలలో ఆ భారం తరచు రైతుదే. పని పూర్తయ్యేలోగా షావుకారు దగ్గర తెచ్చిన సొమ్ముకు వడ్డీ పెరిగితే, రాయితీలో కొంత ఆ వడ్డీకే సరిపోతుంది. అమెరికా కూడా ఈ లోపాన్ని గుర్తించింది. అక్కడి పర్యావరణ ప్రోత్సాహక పథకంలో వెనుకబడిన వర్గాల రైతులకూ, కొత్తగా సేద్యంలోకి వచ్చినవారికీ ఎక్కువ శాతం సహాయంతో పాటు, అందులో సగాన్ని పని ప్రారంభానికి ముందే ఇచ్చే ఏర్పాటు చేశారు.

అన్నిటికంటే కఠినమైన ప్రశ్న కౌలురైతుది. పరుల నేల మీద అతడు కట్టిన కొట్టం ఎవరి సొత్తు? తక్కావీ చట్టం ఇక్కడ వచ్చిన 1883లోనే ఇంగ్లండులో మరొక చట్టం వచ్చింది. కౌలుదారు చేసిన అభివృద్ధికి, అతడు భూమి వదిలి వెళ్లేటప్పుడు పరిహారం ఇవ్వాలని అది శాసించింది. అయితే కట్టడాల విషయంలో యజమాని ముందస్తు సమ్మతి ఉండాలన్నది. మన దక్షిణాదిలో మద్రాసు ప్రభుత్వం మలబారు కౌలుదార్లకు 1887లో ఇటువంటి పరిహార చట్టమే చేసింది. ఆంధ్రప్రదేశ్ 2019లో తెచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం పదకొండు నెలల ఒప్పందానికి వీలు కల్పించింది. దానికి భూయజమాని సంతకం కావాలి. పంట అప్పుకు, బీమాకు పదకొండు నెలలు చాలవచ్చు. ఇరవై ఏళ్లు నిలిచే కట్టడానికి ఆ గడువు పునాదులకే సరిపోదు.

దారులు లేకపోలేదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద దళిత, గిరిజన కుటుంబాలకూ, చిన్న, సన్నకారు రైతులకూ గొడ్ల కొట్టాలు, మేకల పాకలు కట్టుకొనే వీలు కల్పించారు. వారి నుంచి రొక్కం వాటా కోరడం కంటే ఆ పనిని కూలి దినాలతో జోడించడం అందులోని వివేకం. పెద్ద కట్టడాలకు పరపతి సంఘమే తగిన యజమాని. సహకార రంగంలో ధాన్యం నిలువల ప్రణాళికను కేంద్ర ప్రభుత్వం 2023లో ఆమోదించింది. 2024 ఫిబ్రవరిలో 11 రాష్ట్రాలలోని 11 సంఘాల గిడ్డంగులను ప్రారంభించారు. సంఘానికి భూమి ఉంటుంది, అప్పు పుడుతుంది. ఐదు టన్నుల రైతు ఒక మూల అద్దెకు తీసుకోగలుగుతాడు. సంఘం నిజాయితీగా నడవాలన్నదొక్కటే షరతు.

సర్కారు సొమ్ము సగమైనా, మూడవ వంతైనా, అది రెండవ వాటాయే. మొదటి వాటా పెట్టగలిగినవానికే రెండవ వాటా అందుతున్నంత కాలం కలిగిన రైతు కల్లం మీదకు పైకప్పు వస్తుంది. లేని రైతు ధాన్యం రోడ్డు మీదే ఆరుతుంది. పథకాలు రాసే కలాలు శాతాలను నిర్ణయించే ముందు, ఆ మొదటి రూపాయి ఎవరి జేబులో నుంచి రావాలో నిర్ణయించడం మేలు.