తూటా సరే, గోడ అవతల ఎవరు?

కొడుకు డాలస్‌లో ఉంటాడు, తండ్రి జీడిమెట్లలో బల్క్ డ్రగ్ యూనిట్ నడుపుతారు. ఇద్దరి దగ్గరా రివాల్వర్లున్నాయి. కొడుకు ఈమధ్య కౌబాయ్ సినిమాల్లో కనిపించే సింగిల్ యాక్షన్ ఒకటి కొన్నాడు. ఆత్మరక్షణకు అందులో ఏ తూటాలు వెయ్యాలా అని తర్జనభర్జన పడుతున్నాడట. ఆ కబురు ఫోన్లో విన్నప్పట్నుంచి తండ్రికి కంటి మీద కునుకు లేదు. "మావాడు హాలో పాయింట్ అంటున్నాడండీ, మనకూ దొరుకుతాయా?" అని నన్ను పట్టుకున్నారు. తుపాకుల గురించి ఎప్పుడో రెండు వ్యాసాలు రాసిన పాపానికి ఇలాంటి ధర్మసందేహాలు నాకు వస్తూనే ఉంటాయి.

ముందు కొడుకు సంగతి. అతనికి గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి కొనగలిగాడు. హెచ్-1బీ మీదో, ఎఫ్-1 మీదో ఉన్న మన పిల్లలకు అక్కడి ఫెడరల్ చట్టం తుపాకీని దగ్గర ఉంచుకోనివ్వదు. వేట లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులు మాత్రం ఉన్నాయి. 2024 నవంబరులో అట్లాంటాలో మన తెలంగాణ విద్యార్థి ఒకడు పుట్టినరోజునాడే, వేట తుపాకీ శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయాడు. ఆ తుపాకీలో ఏ రకం తూటా ఉందని ఆ ఇంట్లో ఎవరైనా అడిగి ఉంటారా?

సింగిల్ యాక్షన్ అంటే గుండు గుండుకీ బొటనవేలితో హ్యామర్ వెనక్కి లాగాలి. మీట నొక్కితే పేలుతుంది గానీ హ్యామర్ దానంతటది లేవదు. కౌబాయ్ సినిమాల్లో కనిపించేది 1873లో కోల్ట్ కంపెనీ అమెరికా సైన్యానికి ఇచ్చిన నమూనా. ఖాళీ డొల్లలు తియ్యాలన్నా, కొత్తవి పెట్టాలన్నా పక్కనున్న చిన్న తలుపులోంచి ఒక్కొక్కటిగానే. గొడవ మధ్యలో మళ్లీ నింపుకోవడం ఉత్తమాట. పాత నమూనాల్లో హ్యామర్ కిందికి తూటా వస్తే, తుపాకీ జారిపడినా పేలవచ్చు. అందుకే తెలిసినవాళ్లు ఆరు గదుల్లో అయిదే నింపి, ఆరోది ఖాళీగా హ్యామర్ కింద ఉంచేవాళ్లు. రూగర్ కంపెనీ 1973 నుంచి తన మోడళ్లలో అడ్డుపట్టీ పెట్టి ఈ బెడద తీర్చింది.

ఇక తూటా. ఇలాంటి రివాల్వర్లలో వేసే .45 కోల్ట్‌కు పాతకాలపు కొలత 255 గ్రెయిన్ల సీసం, అంటే పదహారు గ్రాముల పైచిలుకు. వేగం సెకనుకు 260 మీటర్ల దగ్గర. హాలో పాయింట్ అంటే ముక్కులో గుంట ఉన్న తూటా. ఒంట్లో దిగాక పువ్వులా విచ్చుకుని అక్కడే ఆగిపోవాలని దాని ఉద్దేశం. విచ్చుకోవాలంటే వేగం కావాలి, ఈ పాత రకం రివాల్వర్లలో లేనిది సరిగ్గా అదే. చలికాలపు మందపాటి కోటు గుడ్డ ఆ గుంటలో ఇరుక్కుందంటే అదీ మామూలు సీసపు ముద్దే అవుతుంది. పోనీ మందు దట్టించిన తూటాలు వేద్దామంటే, అవి బలమైన రూగర్‌లో సరే, కోల్ట్ నకళ్లలో వేస్తే సిలిండరే పగలొచ్చు. వాటి అదురుకు పక్క గదుల్లోని బుల్లెట్లు డొల్లల్లోంచి ముందుకు జరిగి సిలిండర్ తిరగకుండా అడ్డం పడిన సందర్భాలూ ఉన్నాయి. 1986లో మయామీ కాల్పుల్లో ఇద్దరు ఏజెంట్లను పోగొట్టుకున్నాక ఎఫ్‌బీఐ తూటాల పరీక్షకు జెలటిన్ దిమ్మల్లో 12 నుంచి 18 అంగుళాల కొలత పెట్టుకుంది. బల్లపరుపు ముక్కున్న మామూలు సీసపు తూటా అంత లోతు తేలిగ్గానే దిగుతుంది. చెయ్యి వణక్కుండా అయిదు గుళ్లూ ఒకేచోట పెట్టగలిగిన తూటా ఏదో అదే వేసుకోమని అబ్బాయికి చెప్పమన్నాను. బజారులో దొరికే అన్నిటికంటే ఖరీదైనది అదే కానక్కర్లేదు.

విచ్చుకునే తూటా కథలో మన దేశానికీ చోటుంది. కలకత్తా పక్కన డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఇంగ్లిషు కెప్టెన్ ఒకడు సరిహద్దు తెగల మీద వాడటానికి అలాంటి తూటా తయారుచేశాడు. 1899 హేగ్ సభలో దాన్ని యుద్ధాల్లో వాడరాదన్నారు. చంపడంలో ఈ మర్యాదేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అది వేరే కథ.

జీడిమెట్ల నాన్నగారికి ఈ బెంగంతా అనవసరం. ఆయన దగ్గరున్నది కాన్పూర్‌లో తయారైన .32 రివాల్వరు. దాని తూటా 98 గ్రెయిన్ల చిన్న సీసం, ఖడ్కీలో తయారైనది. డొల్ల అడుగున కేఎఫ్ అన్న ముద్ర చూస్తే తెలుస్తుంది. .45 కోల్ట్ శక్తిలో మూడో వంతు కూడా ఉండదు. 9 ఎంఎం పిస్తోలు, .303 రైఫిలు లాంటివి మనకు నిషిద్ధ బోరు, అంటే మామూలు లైసెన్సు మీద దొరకవు. దిగుమతుల తలుపు సామాన్యుడికి 1980ల మధ్యలోనే మూసుకుంది. 2014లో నిర్భయ పేరు తలపించేలా నిర్భీక్ అని తేలికపాటి రివాల్వర్ ఒకటి విడుదల చేశారు. అప్పట్లో లక్షా ఇరవై వేల పైన ధర, తూటా మాత్రం అదే .32. కాబట్టి ఎంపిక అన్న మాట మనకు అంతగా వర్తించదు. దుకాణంలో ఉన్నదే కొనాలి, అదీ లైసెన్సు పుస్తకంలో రాసినన్నే.

ఆయన అడగాల్సింది అడగలేదు. వాళ్ల షెడ్డుకు వెళ్లి చూశాను. సాల్వెంట్ గోదాము గుమ్మం మీద సెల్‌ఫోన్ నిషేధం అని బోర్డు. లోపల స్విచ్చులన్నీ ఫ్లేమ్‌ప్రూఫ్. నీలం పీపాల మీద టోలుయీన్, మిథనాల్ అని చీటీలు. టోలుయీన్ 4 డిగ్రీల దగ్గరే మండే ఆవిరి వదులుతుంది. జీడిమెట్లలో డిసెంబరు తెల్లవారుజామున కూడా అంత చలి ఉండదు. ఫోను లోపలికి తేకూడదని వాచ్‌మన్‌ను తిట్టే యజమాని నడుముకు రివాల్వరు! తూటా పీపాకు చిల్లు పెట్టిందనుకోండి, కారిన ద్రవం ఆవిరైతే రెండో గుండు కాల్చేటప్పుడు గొట్టం చివర వచ్చే మంట చాలు. ఇక గోదాముకు అటువైపున్నది ఒట్టి రేకుల గోడ. దాని వెనకే నైట్ షిఫ్ట్ కుర్రాళ్లు, ఒడిశా నుంచీ బీహార్ నుంచీ వచ్చినవాళ్లు, చాపలేసుకుని పడుకుంటారు. రేకును దాటడానికి .32 సీసం కూడా చాలు. విచ్చుకునే రకమైనా, విచ్చుకోని రకమైనా, గురి తప్పితే పోయేది వాళ్లలో ఒకరి ప్రాణం.

చట్టం తెలిస్తే చెయ్యి కాస్త ఆగుతుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఆత్మరక్షణ హక్కు 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఉంది. 37వ సెక్షన్ ప్రకారం అవసరానికి మించి హాని చేయకూడదు, పోలీసుల దగ్గరికి వెళ్లే వ్యవధి ఉంటే ఆ హక్కే లేదు. గోడ దూకి రాగి కేబుల్ భుజాన వేసుకుని పారిపోతున్నవాణ్ని వెనక నుంచి కాల్చి, ఆత్మరక్షణ అని కోర్టులో నిలబడటం కష్టం. సంబరానికి గాల్లోకి కాల్చడం కూడా ఇప్పుడు నేరమే. 2019 సవరణ దానికి రెండేళ్ల దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ అంది. పెళ్లి బరాత్‌లో వీరత్వం చూపించే బంధువులకు ఈ మాట చెప్పాలి.

నా అభిప్రాయం దాచుకోను. జీడిమెట్ల, బాలానగర్ షెడ్లలో లైసెన్సు రివాల్వరు ఎక్కువగా హోదా కోసమే. ఎన్నికలొస్తే స్టేషన్లో అప్పగించి, అయ్యాక తెచ్చుకుని మళ్లీ బీరువాలో పెట్టే వస్తువు. రేంజికి వెళ్లి పేల్చి చూసిన యజమానులు నాకు తారసపడింది బహు తక్కువ. ఈయన తూటాల డబ్బా అడిగి చూస్తే, అట్ట పచ్చబడి ఉంది, ఒకటి రెండు డొల్లల అంచున ఆకుపచ్చ చిలుము. ఎప్పుడు కొన్నారో ఆయనకే గుర్తులేదు. కొడుకు తూటా ముక్కులో గుంట గురించి ఆలోచిస్తుంటే, తండ్రివి అసలు పేలతాయో లేదో తెలియని తూటాలు.

పాతవి డీలరుకు అప్పగించి కొత్తవి తీసుకోమన్నాను. రివాల్వరును గోదాము గుమ్మం దాటనివ్వొద్దన్నాను. కుర్రాళ్ల పడకలు రేకు గోడ పక్క నుంచి తీసి క్యాంటీను వైపు మార్చమన్నాను. వెనక గోడ మీద లైట్లు పెట్టించి, రాత్రి గేటు దగ్గర ఒక్కడే ఉన్న వాచ్‌మన్‌కు ఇంకొకణ్ని తోడివ్వమన్నాను. తూటాల మాట వరకు ఊఁ కొట్టినాయన, రెండో వాచ్‌మన్ జీతం దగ్గరికొచ్చేసరికి ఆలోచిద్దామన్నారు.