పరిచయ వెబ్‌సైట్‌కూ చిరుసంచుల పరీక్ష అవసరం

పరిశోధనా స్థానంలో మంచి దిగుబడినిచ్చిన కంది రకాన్ని వెంటనే విడుదల చేయరు. చిరుసంచుల్లో విత్తనమిచ్చి నరసరావుపేట, గురజాల, మాచర్ల వంటి ప్రాంతాల రైతుల పొలాల్లో, వారి యాజమాన్యంలోనే పరిశీలిస్తారు. అక్కడ రకం రాణించకపోతే లోపాన్ని రకంలో వెదకుతారే తప్ప రైతును నిందించరు. స్నాతకోత్తర విద్యార్థుల కోసం రూపొందించే పరిచయ వెబ్‌సైట్‌కూ ఇదే నియమం వర్తించాలి.

ఇది కేవలం సాంకేతిక విషయం కాదు. ఎం.ఎస్సీ. (అగ్రికల్చర్) విద్యార్థి కోర్సుల నమోదు, సలహా సంఘం ఏర్పాటు, పరిశోధనా ప్రణాళిక ఆమోదం సకాలంలో పూర్తిచేసుకోవాలి. గడువు వివరాలు వెబ్‌సైట్‌లో ఉన్నా కంటికి అందకపోతే ప్రణాళిక ఆలస్యమై, విత్తే అదను దాటిపోతుంది. పల్నాటి నల్లరేగడిలో తలపెట్టిన ఖరీఫ్ ప్రయోగం తప్పితే మరుసటి ఖరీఫ్ వరకు ఆగవలసిందే. రెండేళ్ల కోర్సులో అది పూడ్చుకోలేని నష్టం.

వినియోగ సౌలభ్య పరీక్షకు పెద్దగా ఖర్చు అక్కరలేదు. కొత్త విద్యార్థికి అతని సొంత ఫోన్‌లోనే వెబ్‌సైట్ తెరిచి ఇచ్చి, 'సలహా సంఘం ఏర్పాటుకు చివరి తేదీ కనుక్కోండి' వంటి నాలుగైదు పనులు అప్పగించాలి. తోచినదంతా పైకి చెప్పమనాలి. పరిశీలకుడు సాయం చేయక, పని పూర్తయిందా, ఎంత సమయం పట్టింది, ఎక్కడ తడబడ్డాడు అన్నవి నమోదు చేయాలి. ఐఎస్ఓ 9241-11 ప్రమాణం సైతం ఫలసిద్ధి, సామర్థ్యం, సంతృప్తి అనే మూడింటినే కొలమానాలుగా పేర్కొంటుంది.

ఐదుగురితో పరీక్షిస్తే సుమారు 85 శాతం లోపాలు బయటపడతాయని జాకబ్ నీల్సన్ 2000లో వివరించారు. ఈ లెక్క ఒకే తరహా వినియోగదారులకే వర్తిస్తుంది. నేల స్వభావం మారినచోట ప్రయోగ క్షేత్రాన్ని బ్లాకులుగా విభజించినట్లే, తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు, ఉద్యోగంలో ఉంటూ చేరినవారు, ఇతర రాష్ట్రాలవారు అనే వర్గాల నుంచి విడివిడిగా విద్యార్థులను ఎంచుకోవాలి.

అధ్యాపకులు ఒకసారి చూస్తే చాలదా అన్న ప్రశ్న సహజం. నిబంధనలు ముందే తెలిసినవారికి తెలియనివారి తడబాటు కనిపించదు. అందువల్ల ప్రవేశాలకు నెల రోజుల ముందే గత సంవత్సరం చేరిన విద్యార్థులతో తొలి పరీక్ష జరిపి, లోపాలు సరిదిద్ది, కొత్తగా చేరినవారితో మలి పరీక్ష జరపాలి. ఆ ఫలితాలను కళాశాల విద్యా విభాగం ఏటా నమోదు చేస్తే, అదే విధానం తర్వాతి సంవత్సరాలకు ఆధారమవుతుంది.