పంపులో మందు ఎన్ని గంటలు మందుగా ఉంటుంది?

ఎముకకో గుండె కవాటానికో ఇన్ఫెక్షన్ సోకితే నాలుగు నుంచి ఆరు వారాల ఇంజెక్షన్లు రాయడం వైద్యంలో ఏళ్లుగా ఉన్న పద్ధతి. జ్వరం తగ్గి మనిషి లేచి తిరుగుతున్నా సెలైన్ సీసా కోసమే ఆసుపత్రిలో మంచం పట్టుకుని ఉండాలి. ఈ ఇంజెక్షన్లను ఇంటి దగ్గరే ఇవ్వొచ్చని అమెరికా వైద్యులు 1974లోనే, సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్న పిల్లల విషయంలో రాశారు. ఇప్పుడు బ్రిటన్‌లో ఇందుకు బెలూన్ పంపులు వాడుతున్నారు. ప్లాస్టిక్ డబ్బా, లోపల సాగే రబ్బరు తిత్తి, అంతే. ఉదయం నర్సు వచ్చి కొత్తది తగిలించి వెళ్తే, ఆ తిత్తి మెల్లగా ముడుచుకుంటూ 24 గంటలపాటు మందును నరంలోకి నెడుతుంది. బ్యాటరీ లేదు, మోటారు చప్పుడు లేదు. నడుముకు కట్టుకుని బజారుకూ వెళ్లొచ్చు.

చిక్కంతా డబ్బాలో కాదు, అందులో పోసిన మందులో ఉంది. పొడిగా ఉన్నంతకాలం సీసాలో భద్రంగా ఉండే యాంటీబయాటిక్, నీళ్లు కలిపిన క్షణం నుంచీ తరగడం మొదలవుతుంది. పెన్సిలిన్ కుటుంబంలోని మందులకు ప్రాణం బీటా-లాక్టమ్ అనే చిన్న వలయంలో ఉంటుంది. నీరు దాన్ని తెంపుతుంది, వేడి ఆ పనిని వేగిరం చేస్తుంది. వార్డులో నర్సు కలిపిన వెంటనే ఎక్కించేస్తుంది కాబట్టి ఈ బెడద పెద్దగా తెలియదు. ఒంటికి ఆనుకుని, చొక్కా కింద, రాత్రి దుప్పట్లో ఒక పగలూ రాత్రీ గడిపే మందు సంగతి వేరు. అందుకే బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవ ఫార్మసీ ప్రమాణాలు ఒంటికి తగిలించే పరికరాల్లో మందును 32 డిగ్రీల దగ్గర 24 గంటలు పరీక్షించాలంటాయి. సాధారణంగా 5 శాతానికి మించి తగ్గకూడదు. ఈ కొలబద్దతో పాత అధ్యయనాలను వడపోసిన 2017 నాటి సమీక్షలో పూర్తిగా నెగ్గింది ఒక్కటీ లేదు. అప్పటికే ఆ పంపులు ఏళ్ల తరబడి రోగుల నడుములకు వేలాడుతున్నాయి!

తరిగిన మందును కంటితో పట్టడమూ కష్టమే. మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ పసుపు తిరుగుతుంది గానీ, రంగు మారకపోతే మందు బాగుందని ధీమా పడలేం. సెఫ్టాజిడైమ్‌తో చిక్కు ఇంకొంచెం ముదురు. అది విరిగినప్పుడు పిరిడిన్ అనే విషపదార్థం పుడుతుంది. అంటే ఎంత మిగిలిందన్నదే కాదు, ఏం తయారైందన్నదీ చూడాలి.

నా దృష్టిలో దీనికంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. ఏ మందు ఎంతసేపు నిలుస్తుందో తెలియనప్పుడు, వైద్యుడు రోగానికి తగిన మందును వదిలి, ఇంటికి పంపడానికి వీలైన మందును ఎంచుకుంటాడు. స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియాకు గురిపెట్టి కొట్టే ఫ్లూక్లాక్ససిలిన్‌ను రోజుకు నాలుగుసార్లు ఇవ్వాలి. సెఫ్ట్రియాక్సోన్ అయితే రోజుకొక్కటి చాలు. సౌకర్యం రెండోదానికే ఓటేస్తుంది. కానీ ఆ మందు చంపాల్సిన అవసరం లేని సూక్ష్మజీవులనూ తుడిచిపెట్టి నిరోధకతకు దారి తీస్తుంది. బ్రిటన్ యాంటీమైక్రోబియల్ కీమోథెరపీ సొసైటీ చేయించిన పరీక్షలు ఈ ముడినే విప్పాయి. సిట్రేట్ కలిపి ఆమ్లత్వాన్ని అదుపులో పెడితే ఫ్లూక్లాక్ససిలిన్ ఫ్రిజ్‌లో 14 రోజులు, ఆపైన 32 డిగ్రీల దగ్గర 24 గంటలు నిలిచింది. పైపెరాసిలిన్-టాజోబాక్టమ్ అనే మరో మందు విషయంలోనూ దాదాపు అదే ఫలితం. కొత్త మందేమీ కనిపెట్టలేదు. ఒక చౌక లవణం, దానికి తోడు ఓపికతో చేసిన కొలతలు, అంతే.

మన దగ్గరకొచ్చేసరికి కథ అడ్డం తిరుగుతుంది. మొండి బ్యాక్టీరియా మీద ఇక్కడి పెద్దాసుపత్రులు ఎక్కువగా ఆధారపడేది మెరోపెనెమ్ మీద. 24 గంటల పంపుకు ఏమాత్రం సరిపడనిదీ అదే. కలిపిన కొన్ని గంటలకే తరిగిపోతుంది. పైగా 32 డిగ్రీలన్నది బ్రిటన్ లెక్క. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో, కూలర్ లేని రేకుల ఇంట్లో ఆ డబ్బా 32 దగ్గర ఆగుతుందా? వేడికి ద్రవం పలచబడి పంపు వేగమూ మారుతుంది. కరెంటు పోతే మర్నాటి మోతాదు ఉన్న ఫ్రిజ్ సంగతి సరేసరి.

అసలు ఈ పంపు అందరికీ కావాలా అన్నదీ అడగాల్సిన ప్రశ్నే. 2019లో వెలువడిన ఓవైవా ట్రయల్‌లో బ్రిటన్ పరిశోధకులు ఎముక, కీళ్ల ఇన్ఫెక్షన్లున్న 1,054 మందిని పరిశీలించారు. మొదటి ఆరు వారాల్లో మాత్రలు వాడినవాళ్లు ఇంజెక్షన్లు వాడినవాళ్లకు ఏమీ తీసిపోలేదు. మాత్రతో తీరే జబ్బుకు పంపు అమ్మడం వైద్యం కాదు, వ్యాపారం.

మాత్రతో తీరని రోగులు మిగులుతారు. వాళ్ల కోసం చేయాల్సిన కొలతలకు విదేశాల వైపు చూడనక్కర్లేదు. ఈ మందులను తయారుచేసి ప్రపంచానికి పంపే హైదరాబాద్, విశాఖ ఫార్మా కంపెనీల ల్యాబుల్లో అందుకు కావలసిన యంత్రాలు రోజూ తిరుగుతూనే ఉన్నాయి. 40 డిగ్రీల దగ్గర 8 గంటలకు ఎంత, 12 గంటలకు ఎంత మిగిలిందో కొలిచి, పెట్టెలోని కాగితం మీద అచ్చువేయాలని ఔషధ నియంత్రణ సంస్థ షరతు పెట్టాలి. ఆలోగా మెరోపెనెమ్ నింపిన 24 గంటల పంపును ఏ ఆసుపత్రి చేతిలో పెట్టినా, ఇది ఎన్ని డిగ్రీల దగ్గర ఎన్ని గంటలు నిలుస్తుందో రాసివ్వమని రోగి బంధువులు అడగడం సబబే.