ఒక్కరోజు ఫిల్టరు, ఏడాది పరిమితి

దీపావళి మర్నాడు గాలిలో ఆర్సెనిక్, నికెల్ పరిమితికి ఇన్ని రెట్లు పెరిగాయని రాసేవారు ఏ పరిమితితో పోల్చారో చెప్పరు. 2009 నవంబరు నాటి జాతీయ పరిసర వాయు నాణ్యతా ప్రమాణాల్లో సీసానికి 24 గంటల హద్దు, వార్షిక హద్దు రెండూ ఉన్నాయి. ఘనపు మీటరుకు ఆర్సెనిక్ 6, నికెల్ 20 నానోగ్రాములన్నవి మాత్రం ఏడాది సగటులే. బాణసంచా ఆకుపచ్చ వెలుగుకు కారణమైన బేరియంకైతే ఆ పట్టికలో చోటే లేదు.

ల్యాబు యంత్రం చూపే అంకె కూడా గాలిది కాదు, గాలి లాగే యంత్రం (శాంప్లరు)లోని ఫిల్టరు ముక్కను ఆమ్లంలో మరిగించగా వచ్చిన ద్రావణానిది. 8×10 అంగుళాల ఫిల్టరులో దుమ్ము పట్టేది 7×9 మేరలోనే. అడ్డంగా అంగుళం వెడల్పు ముక్క కోస్తే అందులో తొమ్మిదో వంతు వస్తుంది. ద్రావణం అంకెలోంచి వాడని ఫిల్టరు అంకె తీసేసి, ద్రావణం పరిమాణంతోనూ 9తోనూ గుణించి, లాగిన గాలి పరిమాణంతో భాగించాలి. రోజంతా నడిచిన శాంప్లరు సుమారు 1,600 ఘనపు మీటర్లు లాగుతుంది. ఆ లెక్కన గాలిలో 6 నానోగ్రాముల ఆర్సెనిక్ ఉంటే, 50 మిల్లీలీటర్ల ద్రావణంలో మిల్లీలీటరుకు తేలేది 21 నానోగ్రాములే. గాజునార ఫిల్టరులో ముందే ఉన్న లోహం వల్ల దీనికి మరో 5 కలిసిందనుకుందాం. దాన్ని తీసేయకపోతే హద్దులో దాదాపు పావు వంతు లేని కాలుష్యమే. ఈ అంకెలేవీ ఇవ్వకుండా ‘ఇన్ని రెట్లు’ అంటే సరిచూసే దారేది?

అలాగని కాలుష్య నియంత్రణ మండళ్లు ఊపిరి పీల్చుకోనక్కర్లేదు. ఏడాది సగటుకు ఒకేచోట వారానికి రెండుసార్లు, సమాన వ్యవధిలో, కనీసం 104 కొలతలు ఉండాలని ఆ ప్రమాణాలే చెబుతున్నాయి. అన్ని కొలతలు లేనిచోట ‘పరిమితిలోనే ఉంది’ అనే హక్కు మండలికీ లేదు. అంతకన్నా ముఖ్యమైనది పట్టిక కింది సూచన: వరుసగా రెండు కొలత దినాల్లో హద్దు దాటితే క్రమబద్ధ లేదా నిరంతర పర్యవేక్షణకు, మరింత దర్యాప్తుకు అదే తగిన కారణం. ఇది 24 గంటల హద్దులకే వర్తిస్తుందని వాదించవచ్చు. కానీ ‘పైన పేర్కొన్న హద్దులు’ అన్నారే తప్ప రోజువారీవి, వార్షికమైనవి అని విడదీయలేదు. కాబట్టి వరుసగా రెండు ఫిల్టర్లలో ఆర్సెనిక్ 6 దాటితే ఉల్లంఘన రుజువు కాకపోయినా దర్యాప్తు బాధ్యత మొదలైనట్టేనని నేను చదువుతాను. పటాన్‌చెరు, పరవాడ లాంటి పారిశ్రామిక ప్రాంతాల ప్రజలకు పండగనాటి రెట్ల లెక్కకంటే ఈ సూచన ఎక్కువ పనికొస్తుంది. విలేకరులు మండళ్లను నిలదీయాల్సింది దీని మీదే: 104 ఫిల్టర్ల లెక్కపత్రాలు ఎక్కడ, రెండోసారి హద్దు దాటిన రోజున ఎవరు కదిలారు?