వడ్డీ నొల్లని రైతు, చేతిలోని ఫోను

మొన్నటి సార్వాలో కోనసీమలోని యొక గ్రామమున మేము వరిచేలు చూచుచుండగా నొక ముసల్మాను రైతు మమ్ము గట్టుమీదికి పిలిచి తన చిక్కును చెప్పుకొనెను. ఆయన మూడెకరములు కౌలుకు చేయుచున్నాడు. చేత ఫోనున్నది, కుమారుడు గల్ఫునుండి పంపు సొమ్ము చేరినట్లు దానిలోనే తెలిసికొనును. సంఘమున సభ్యుడే, అయినను పంట ఋణమడుగడు. వడ్డీ యిచ్చుటయు పుచ్చుకొనుటయు తన మతమున నిషిద్ధములు. కావున ఎరువులను ధాన్యపు వర్తకునియొద్ద అరువు తెచ్చును. ఆ వర్తకుడు వడ్డీ యన్న మాట పలుకడు. కోతలనాడు బస్తాకు ధర తగ్గించి కొనును.

గడువులో చెల్లించువానికి కేంద్ర ప్రభుత్వ రాయితీతో పంట ఋణము 4 శాతమునకే వచ్చుచుండగా ఈ పట్టుదల యేల యని మా మిత్రులొకరు నవ్విరి. నాలుగు వలదన్నవానికి ఒకటియు వలదు. మిషను బడిలో చదివిన మాకీ మాట క్రొత్త గాదు. మోషే ధర్మశాస్త్రమును బీద సహోదరునియొద్ద వడ్డీ తీయరాదనియే విధించినది. దానిని మేమెంతవరకు పాటించితిమో యడుగకుందురు గాక.

ముసల్మానులలో దీనికొక మార్గము కలదు. సొమ్ము అప్పిచ్చుటకు బదులు, వస్తువును తాము కొని, కొన్న ధరయు తమ లాభమును దాచక చెప్పి, వాయిదాలపై అమ్ముదురు. దీనికి మురాబహా యని పేరు. ఆలస్యమైనను ధర పెరుగదు. మన దేశమున బ్యాంకులు దీనిని చేయజాలవు; 1949 నాటి బ్యాంకుల చట్టము వానిని సరుకుల వర్తకమునుండి నిషేధించినది. వడ్డీలేని బ్యాంకింగు ఉండవలెనని రఘురామ్ రాజన్ సంఘము 2008లో సిఫారసు చేసినను, ఆ ప్రయత్నమును సాగింపమని రిజర్వు బ్యాంకు 2017లో తెలిపినది. మన ప్రాథమిక సహకార సంఘములకో, ఎరువులమ్ముట నిత్యకృత్యమే! బ్యాంకు చేయరాని పని మన గోదాములో సగము జరుగుచునే యున్నది.

అయితే ఎరువు బస్తాపై అచ్చయిన గరిష్ఠ ధరను మించి యమ్మరాదు. అరువు ఖర్చు సంఘపు కమీషనులోనే సర్దుకొనవలెను. కావున స్ప్రేయరు, మోటారు పంపులతో మొదలుపెట్టుట మేలు. ఇది పేరు మార్చిన వడ్డీయే గదా యందురు. లాభమును బ్యాంకు వడ్డీకి సరిగా లెక్కగట్టి, ఆలస్యమునకు మరల వడ్డించినచో ఔననియే మేమందుము.

ఇక ఫోను సంగతి. బంగ్లాదేశమున ఇస్లామీ బ్యాంకు 2012లో ఎంక్యాష్ అను ఫోను సేవను తెచ్చినది. కాని యక్కడ ఇంటింట వ్యాపించినది 2011లో వచ్చిన, మతనామము లేని బీక్యాష్. 2007లో కెన్యాలో పుట్టిన ఎంపెసా వలెనే అదియు ఊరి దుకాణదారుల ద్వారా జనులకు చేరువయ్యెను. యంత్రము చెడినచో అడుగుటకు ఎదుట మనిషియుండవలెను. మన ప్రాంతమున ఈ భయమునకు వేరే కారణమును కలదు: 2020లో తెలంగాణమున అప్పుల యాపుల వేధింపులకు తాళలేక ప్రాణములు తీసికొన్నవారి వార్తలను ఎవరును మరువలేదు. మన రైతుకు వచ్చు సందేశము తరచుగా ఇంగ్లీషున నుండును. దానిని చదివించుకొనుటకు దుకాణపు కుర్రవానికి ఫోనిచ్చి, రహస్యసంఖ్యను గూడ చెప్పివేయువారిని మేమెందరినో చూచితిమి.

కావున ఫోను అప్పిచ్చువాడు గాక రసీదు పుస్తకము కావలెను. కొన్న ధర, లాభము, చెల్లినది, మిగిలినది, ఈ నాలుగును తెలుగునను, కోరినవారికి ఉర్దూనను సందేశముగా వెళ్లవలెను. అడుగబోయిన సంఘపు గుమాస్తా సమాధానము చెప్పవలెను. ఈ యేర్పాటు ముసల్మానులకే యననేల? కౌలు రైతు ఏ మతమువాడైనను ధర ముందుగా తెలిసిన బాకీనే కోరును.

బాకీ నిలిచినచో నేమి చేయుదురని కార్యదర్శులడుగుదురు. ఇద్దరు సభ్యుల జామీను తీసికొనుడు. చెల్లించువరకు మరల అరువీయకుడు. ధర మాత్రము పెంచకుడు. దాళ్వాకు ముందు ఏ యొక్క సంఘమైన ఇరువది మందితో మొదలుపెట్టినచో, ఆ లెక్కలు వ్రాసిపెట్టుటకు మేము వారమున కొక దినము వత్తుము.