పోర్టో గోదాముల్లో లిస్బన్ పాట

పోర్చుగల్‌లోని పోర్టో నగరానికి వెళ్లిన పర్యాటకులు పొద్దు వాలేసరికి లూయిస్ వంతెన దాటి అవతలి ఒడ్డుకు చేరతారు. డోరో నదికి దక్షిణాన ఉన్న ఆ ఊరి పేరు విలా నోవా ద గయా. పోర్ట్ వైన్ శతాబ్దాల తరబడి ఇక్కడి గోదాముల్లోనే ముదిరి ఓడ ఎక్కింది. టికెట్ కొన్నవారిని గైడు పీపాల మధ్య తిప్పుతాడు. తర్వాత రెండు మూడు రకాల వైన్ రుచి చూపిస్తారు. ఆపైన దీపాలు తగ్గించి ఫాదో అనే పాటలు పాడతారు. నల్ల శాలువా కప్పుకున్న గాయని, పక్కన గిటార్లు పట్టుకున్న ఇద్దరు, ముప్పావు గంట కచేరీ. వంతెన పక్కనే ఉన్న, 1859లో మొదలైన కాలెం కంపెనీ కూడా తన గోదాములో ఇలాంటి కార్యక్రమం నడుపుతోంది.

సాయంత్రం హాయిగా గడుస్తుంది, కాదనలేం. కానీ విన్నది పోర్టో సంప్రదాయమని నమ్మి తిరిగొస్తే మాత్రం పప్పులో కాలేసినట్టే. ఫాదో పుట్టిల్లు అక్కడికి దాదాపు 300 కిలోమీటర్ల దూరంలో ఉన్న లిస్బన్. కోనసీమ కొబ్బరితోటలో విదేశీ అతిథులకు ఒగ్గుకథ చెప్పించి, గోదావరి జిల్లాల సంప్రదాయం ఇదేనని పంపిస్తే ఎలా ఉంటుంది? కథ గొప్పదే, కథకుడూ గొప్పవాడే, చోటే వేరు.

పందొమ్మిదో శతాబ్దం తొలి సగంలో లిస్బన్‌లోని అల్ఫామా, మొరారియా వంటి పేదల పేటల్లో, నావికులు తిరిగే సారాకొట్లలో ఫాదో రూపు దిద్దుకుంది. తొలి ప్రసిద్ధ గాయని మరియా సెవేరా 1846లో, పాతికేళ్లు దాటీ దాటకుండానే చనిపోయింది. ఆమె వేశ్య. మర్యాదస్తులు ముఖం చిట్లించిన ఆ పాటే తర్వాత జాతి గొంతుగా మారింది. 1999లో ఫాదో గాయని అమాలియా రోడ్రిగ్స్ కన్నుమూస్తే ప్రభుత్వం మూడు రోజులు సంతాపదినాలు ప్రకటించింది. 2011లో ఫాదో యునెస్కో వారసత్వ జాబితాకు ఎక్కింది.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. డబ్బిచ్చిన శ్రోతల ముందు, వేళ చూసుకుని ఫాదో పాడటం ఇవాళ్టి పర్యాటక శాఖలు కనిపెట్టింది కాదు. 1926 సైనిక తిరుగుబాటు తర్వాత, 1927లో వచ్చిన చట్టం పాడేవారికి వృత్తి గుర్తింపు కార్డు ఉండాలంది. పాటల సాహిత్యం ముందే సెన్సారు చేయించుకోవాలంది. వీధి మూలన ఎవరికి తోచింది వారు కట్టి పాడే అలవాటు అలా సన్నగిల్లి, ఫాదో భోజనశాలల వేదిక ఎక్కింది. దీపాలు తగ్గించి నిశ్శబ్దంగా వినే పద్ధతి స్థిరపడింది కూడా అలాంటి చోట్లనే. కనుక గయా కచేరీని నకిలీ అని కొట్టిపారేసే శుద్ధవాదుల వాదన నిలవదు.

చిక్కు వేరే చోట ఉంది. ఆ గోదాముకు తనదైన కథ ఉంది, ఆ వైన్‌కు తనదైన పాట ఉంది. పర్యాటకుడికి కథ సగమే చెబుతున్నారు. పాట అసలు వినిపించడమే లేదు.

సెల్లార్ అనగానే మెట్లు దిగి వెళ్లే చీకటి గుహ మనసులో మెదులుతుంది. గయాలో చాలావరకు అలా ఉండవు. ఎర్ర పెంకుల కప్పుతో, రాతిగోడలతో నేలమట్టానే ఉన్న బారు గోదాములవి. వైన్ పండేది నదికి ఎగువన, పలకరాయి కొండలను మెట్లు మెట్లుగా చెక్కిన డోరో లోయలో. అక్కడ వేసవి ఎండ మాడ్చేస్తుంది, ఆ వేడికి పీపాలో వైన్ త్వరగా ముదిరిపోతుంది. గయాకు అట్లాంటిక్ గాలి తగులుతుంది, చల్లగా, తేమగా ఉంటుంది. అందుకే కోత అయిన మరుసటి వసంతంలో, రబేలో అనే చదునడుగు పడవల్లో పీపాలు దించేవారు. సరదా ప్రయాణం కాదది. వలేరా దగ్గరి సుడిలో 1861లో పడవ తిరగబడి, లోయకు గొప్ప పటాలు గీసిన ఇంగ్లిష్ వ్యాపారి జోసెఫ్ ఫారెస్టర్ మునిగిపోయాడు. అదే పడవలో ఉన్న దోనా ఆంటోనియా ఫెరేరా బతికి బయటపడింది. తర్వాత ఆ లోయలోకెల్లా పెద్ద ద్రాక్షతోటల యజమానురాలిగా పేరు పొందింది. ఇప్పుడు గయా తీరాన కట్టేసి ఉన్న రబేలోలు కంపెనీ పేర్లు మోసే ప్రకటన బోర్డులు మాత్రమే. జూన్ 24న, సెయింట్ జాన్ పండుగ నాడు, వాటికి ఒక పందెం పెడతారు.

ఈ వ్యాపారం ఎంత పెద్దదో, దాని వెనక ప్రభుత్వ దండం అంత బలమైనది. 1756లో ప్రధానమంత్రి పొంబాల్ గుత్తాధిపత్యం గల ఒక కంపెనీని స్థాపించి, డోరో లోయ హద్దులు గీయించి, గ్రానైటు రాళ్లు పాతించాడు. హద్దు గీసుకున్న వైన్ ప్రాంతాల్లో ప్రపంచంలోనే తొలినాటి వాటిలో ఇదొకటి. మరుసటి ఏడాది పోర్టోలో సారాకొట్లవాళ్లు తిరగబడితే తిరుగుబాటుదారులను ఉరికంబం ఎక్కించాడు. 1926 నాటి చట్టం పోర్ట్ ఎగుమతి గయా గోదాముల నుంచే జరగాలని కట్టడి చేసింది, 1986 దాకా అది సడలలేదు. ఈ చరిత్ర లేకుండా గ్లాసులో వైన్ రంగు గురించి ఎంత మాట్లాడినా పైపై మాటే.

ఇక గ్లాసు సంగతి. ద్రాక్షరసం పులుస్తుండగా, చక్కెరలో దాదాపు సగం మిగిలి ఉన్నప్పుడు, ద్రాక్షతోనే తీసిన 77 శాతం ఘాటున్న సారాయి కలుపుతారు. పులియడం ఆగిపోతుంది, తీపి మిగిలిపోతుంది. పాత లెక్క 435 లీటర్ల రసానికి 115 లీటర్ల సారాయి. రెండూ కలిస్తే 550 లీటర్లు, సరిగ్గా ఒక పీపా. పెద్ద తొట్లలో గాలి తగలకుండా ఉంచితే ఎరుపు నిలిచిన రూబీ, పీపాల్లో ఏళ్ల తరబడి ముదిరితే ఎండు పండ్ల వాసన వేసే గోధుమరంగు టానీ. మామూలు వైన్ పన్నెండు, పద్నాలుగు శాతం ఘాటుంటే ఇది దాదాపు ఇరవై. గ్లాసు చిన్నదని మోసపోకూడదు. మూడు గ్లాసుల తర్వాత ఏ పాటైనా బాగానే ఉంటుంది, కచేరీని చివర్లో పెట్టడం వెనక ఆ కిటుకు ఉందేమో!

పోర్ట్ వైన్ అసలు పాట ఉన్నది లోయలో, లగార్ దగ్గర. లగార్ అంటే మోకాళ్లు దాటే లోతున్న గ్రానైటు తొట్టి. రసం పులియడానికి దొరికేది రెండు మూడు రోజులే. ఆలోగా తొక్కలోని రంగు, వగరు మొత్తం దిగాలి. గింజ చితికితే చేదు వస్తుంది, మనిషి పాదం కింద గింజ చితకదు. అందుకే యంత్రాలున్న కాలంలోనూ కొన్ని తోటలు కాలితో తొక్కించడం మానలేదు. పగలంతా ఏటవాలు కొండమీద గుత్తులు కోసిన కూలీలే రాత్రికి తొట్టిలో దిగేవారు. ఒకరి భుజం మీద ఒకరు చేతులు వేసి, వరసలు కట్టి, మేస్త్రీ ఎడమ, కుడి అని కేకవేస్తుంటే సైనికుల్లా అంగుళం అంగుళం కదలాలి. ఇలా రెండు గంటలు. ఆ తర్వాత మేస్త్రీ స్వేచ్ఛ అని ప్రకటిస్తాడు. అప్పుడు అకార్డియన్ మోగుతుంది, డోలు అందుకుంటుంది, తొడల దాకా ఎర్రరసంలో ఆడామగా చిందులేస్తారు.

ఆ పాటకు పని ఉంది. అలసిన కాళ్లను ఆపకుండా కదిలించాలి. కాళ్లు ఆగితే రంగు దిగదు. సిమింగ్టన్ కుటుంబం వంటి పెద్ద ఉత్పత్తిదారులు ఈ శతాబ్దారంభం నుంచి మనిషి అడుగును అనుకరించే యాంత్రిక లగార్లు పెట్టారు. కూలీలు దొరకని లోయలో అది అర్థం చేసుకోదగ్గదే. యంత్రానికి అకార్డియన్ అక్కర్లేదు కాబట్టి ఆ సంగీతం ఇప్పుడు కూలీ నుంచి జారి పండుగల్లోకి, అతిథుల వేడుకల్లోకి చేరుతోంది. సరిగ్గా ఈ సమయంలోనే గయా వేదిక ఆ పాటకు చోటిచ్చి ఉండాల్సింది.

ఫాదోకు, పోర్ట్ వైన్‌కు బంధమే లేదనడం కూడా తొందరపాటే. ఫాదోలో మెరిసే పన్నెండు ఉక్కు తీగల పోర్చుగీస్ గిటార్ పూర్వీకుల్లో ఒకటిగా పరిశోధకులు చెప్పేది ఇంగ్లిష్ గిటార్‌ను. పద్దెనిమిదో శతాబ్దంలో బ్రిటన్‌తో బంధాలున్న పోర్టోలో ఆ వాద్యం వ్యాపించింది. అక్కడి సంగీతకారుడు సిల్వ లైత్ 1796లో దాన్ని నేర్పే పుస్తకమే అచ్చువేశాడు. ఆ బ్రిటన్ బంధానికి మూలస్తంభం వైన్ వ్యాపారం. గోదాములోని గైడు ఈ ఒక్క సంగతి చెప్పినా, కచేరీకి ఆ చోటికి మధ్య తెగిన దారం కొంత కలుస్తుంది.

వైన్, పాట ఒకే నేల మీద పుట్టిన చోటు చూడాలంటే దక్షిణాన అలెంతేజు ప్రాంతానికి వెళ్లాలి. అక్కడి విడిగేరా పరిసరాల్లో రోమన్ల కాలం నాటి పద్ధతిలో ఇప్పటికీ మట్టి బానల్లో వైన్ చేస్తారు. మనిషిని మించిన ఎత్తున్న బానలు కొన్ని వెయ్యి లీటర్లకు పైగా పడతాయి. నవంబర్ 11న, సెయింట్ మార్టిన్ రోజున, బాన అడుగున కన్నం తెరుస్తారు. ఆ బానలున్న సారాకొట్లలోనే కాంతే అనే బృందగానం పాడతారు. వాద్యాలు లేవు, వేదిక లేదు. ఒకరు కింది స్థాయిలో ఎత్తుకుంటారు, రెండో గొంతు పైనుంచి కలుస్తుంది, ఆపైన బృందమంతా నెమ్మదిగా అందుకుంటుంది. పొలం కూలీలు, గని కార్మికులు నిలబెట్టిన గానమిది. 2014లో యునెస్కో గుర్తించింది. పాడేవాళ్లు చాలావరకు వృత్తి గాయకులు కారు.

తెలుగువారికి పోర్ట్ పేరు కొత్తది కాదు. గోవా వెళ్లొచ్చేటప్పుడు సంచిలో తెచ్చుకునే తియ్యటి సీసా మీద ఆ పేరే ఉంటుంది. యూరప్ చట్టం ప్రకారం మాత్రం డోరో లోయలో పండిన ద్రాక్షతో చేసినదే పోర్ట్. ఫాదో వినడానికైతే పోర్చుగల్ దాకా పోనక్కర్లేదు. సోనియా శిర్సాట్ వంటి గాయకులు గోవాలోనే పాడుతున్నారు.

చదువులకో, ఉద్యోగాలకో యూరప్‌లో ఉండి సెలవులకు పోర్టో వెళ్లే తెలుగువాళ్లకు ఒక మాట. గయా సాయంత్రం మానుకోనక్కర్లేదు, వెళ్లండి. కానీ సెప్టెంబర్ రెండో సగంలో వెళ్తే మరో రోజు చేతిలో ఉంచుకోండి. పోర్టో నుంచి నది వెంట సాగే రైలెక్కి, గోడల మీద నీలిపలకలతో ద్రాక్షకోత చిత్రాలున్న పిన్యావ్ స్టేషన్‌లో దిగండి. చుట్టుపక్కల తోటల్లో కొన్ని, ముందుగా అడిగిన వారిని రాత్రి లగార్‌లోకి దిగనిస్తాయి. పాంటు మోకాళ్ల పైకి మడుచుకోవడానికి సిద్ధపడి వెళ్లండి. ద్రాక్ష మరక ఉతికినా పోదు.