దేవుని రాజ్యము మరణానంతరదేశమా?

క్రైస్తవబోధలో దేవుని రాజ్యమను మాట కంటె దఱచుగా వినబడు మాటలు మిక్కిలి తక్కువ. దాని కంటె దక్కువగా గ్రహింపబడిన మాటయు మఱియొకటి లేదు. ఆదివారమునాడు ప్రార్థనామందిరమునుండి వెలువడు వాని నొకని నిలిపి, దేవుని రాజ్యమెక్కడ నున్నదని యడిగినచో చేయెత్తి యాకాశమును జూపును. ఎప్పుడు వచ్చునని యడిగినచో చచ్చిన పిమ్మట వచ్చునని చెప్పును. ఈ రెండుత్తరములును యేసు బోధకు విరుద్ధములని మా యభిప్రాయము. దీనిని హేతుపూర్వకముగా నిరూపించుటకే యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మొదట మాటను విచారింతము. రాజ్యమనగానే మనకు ఎల్లలును, కోటలును, రాజధానియు గల భూభాగము స్ఫురించును. ఆ స్ఫురణమే యీ భ్రాంతికి మూలము. సంస్కృత వ్యాకరణము ననుసరించి రాజుయొక్క భావము గాని కర్మము గాని రాజ్యమగును. భూభాగమను నర్థము లోకవ్యవహారమున బలపడినది. సువార్తలు వ్రాయబడిన గ్రీకు భాషలోని బసిలేయా యను పదమునకును, యేసు మాటలాడిన యరమాయిక భాషలోని మల్కూతా యను పదమునకును రాజత్వము, ఏలుబడి యనునదియే ప్రధానార్థము. కావున దేవుని రాజ్యమనగా దేవుడేలుట. దేవుడుండు నూరు కాదు. మత్తయి పరలోక రాజ్యమని వ్రాసినాడే యందురా? యూదులు భక్తిచేత దేవుని పేరుచ్చరింపక పరలోకమనుట గలదనియు, మత్తయి యా యాచారమునే పాటించెననియు బండితులలో బెక్కండ్రు చెప్పుచున్నారు. మత్తయి పరలోక రాజ్యమన్న పెక్కు చోట్ల మార్కును లూకాయు దేవుని రాజ్యమనియే వ్రాసిరి.

ఇక యుపమానములను జూడుడు. ఆవగింజ, పిండిలో గలిపిన పులిపిండి, చేపలు పట్టు వల, ద్రాక్షతోటలోని కూలివాండ్రు. వీనిలో నొకటియైన మేఘమండలమునకు జెందినది కాదు. ద్రాక్షతోట యజమానుడు తెల్లవాఱుజామున వచ్చిన వానికిని, ప్రొద్దుగ్రుంకుటకు గంట ముందు వచ్చిన వానికిని నొక్కొక్క దేనారమే యిచ్చెను. దేనారమనగా నాటి యొకదినపు కూలి. ఆలస్యముగా వచ్చినవాడు సోమరి కాడు. తన్నెవ్వరును బనికి బిలువలేదని వాడే చెప్పుకొనెను. పని దొరకని వాని యింట నాకలి తక్కువగా నుండునా? వాని బిడ్డలు గంట కూలికి దగినంతయే తిందురా? దేవుడేలు చోట గూలి యెట్లుండునో యేసు చెప్పినాడు; మనము దానిని మోక్షమునకు గుర్తుగా మార్చుకొని కూలివాని సంగతి మఱచితిమి.

రాజ్యమెప్పుడు వచ్చునని పరిసయ్యులడిగినప్పుడు, అది కనులకు గోచరించు గుర్తులతో వచ్చునది కాదని యేసు చెప్పినట్లు లూకా పదునేడవ యధ్యాయమున నున్నది. అచ్చటి గ్రీకు మాటకు మీలోపల ననియు, మీ నడుమ ననియు రెండర్థములు చెప్పుదురు. ఏ యర్థమును గైకొన్నను, మీరు చచ్చిన పిమ్మట నను నర్థము మాత్రము రాదు.

రాబోవు రాజ్యమును గూర్చిన మాటలును సువార్తలలో గలవు కదా యని కొంద ఱాక్షేపింపవచ్చును. గలవు. యేసు లోకాంతమును సమీపముననే యెదురుచూచెనని 1906 లో ఆల్బర్టు ష్వైట్జరు వాదించెను. యేసు క్రియలతో రాజ్యము వచ్చియే యున్నదని 1935 లో సి. హెచ్. డాడ్ వాదించెను. రాజ్యము మొదలైనదనియు, పూర్తి కాలేదనియు నీ రెంటిని గలిపి చెప్పువారు తరువాత బలపడిరి. మేమును దీనినే యంగీకరింతుము. కాని పంట యింటికి రాలేదని విత్తుట మానువాడు రైతు కాడు. పూర్తి కాలేదను మాట పని చేయుటకు గారణము కావలెను గాని, పడకకు గారణము కారాదు.

ఈ విషయమున దెలుగుదేశమునందే గొప్ప సాక్ష్యము కలదు. అమెరికా దేశస్థుడగు జాన్ క్లౌ దొర 1866 లో ఒంగోలునకు వచ్చెను. ఎర్రగుంట్ల పేరయ్య యను మాదిగ కులస్థుడును, అతని వెంట బెక్కురును గ్రైస్తవులైరి. ఆదివారమున బని చేయరాదనియు, చచ్చిన పశువుల మాంసము తినరాదనియు, విగ్రహములను బూజింపరాదనియు వారికి మూడు నియమము లేర్పడెను. ఇవి యాకాశమునకు జెందిన నియమములా? ఏడు దినములును బరుల పిలుపునకు గట్టుబడి యుండవలసిన వాడు, ఒక దినము దేవునిది, నేను రానని చెప్పగలిగెను. గ్రామపు పెద్దలు వారిని బాధించుటకు గారణమిదియే. పరలోకమును గూర్చి మాత్రమే పాడుకొనువారిని బాధించు నవసరము పెద్దల కెన్నడును గలుగదు.

1876 మొదలు 1878 వఱకు మహాక్షామము వచ్చినప్పుడు క్లౌ దొర బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు గైకొని వేలమందికి గూలి కల్పించెను. అన్నమునకై మతము పుచ్చుకొనిరను మాట రాకుండుటకు బాప్తిస్మములను నిలిపివైచెను. పిమ్మట 1878 జూలై 3 వ తేదీని గుండ్లకమ్మ యొడ్డున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మన సంఘములవారు 2,222 అను సంఖ్యను బిల్లలచేత గంఠస్థము చేయింతురు. మూడున్నర మైళ్లను మఱతురు. మా దృష్టిలో నా కాలువగట్టు మీద గూలి చేతబడిన సాయంకాలములే దేవుని రాజ్యమునకు మొదటి గుర్తులు.

మఱియొక సంగతి. క్లౌ దొర రెండవ భార్యయగు ఎమ్మా, వాల్టరు రౌషెన్‌బుష్ అను బోధకుని యక్క. అతడు న్యూయార్కు నగరమున బేదల వాడలో ననేక సంవత్సరములు బోధకుడుగా నుండి, దేవుని రాజ్యము సంఘమంతటిని మార్చవలసినదని 1907 లో నొక గ్రంథమును బ్రకటించెను. ఎమ్మా తన భర్త చెప్పిన జీవితకథను వ్రాసి 1914 లో వెలువరించిన గ్రంథమునకు సాంఘిక క్రైస్తవమను పేరే పెట్టెను. ఒంగోలు పల్లెలును న్యూయార్కు వాడలును నొకే కుటుంబములో నొకే పాఠమును జెప్పినవి.

ఆ పాఠము నేడేమైనది? మాలలకొక మందిరమును, మాదిగలకొక మందిరమును గల యూళ్లు తెలుగుదేశమున నేటికిని గలవు. అగ్రకులములనుండి వచ్చిన క్రైస్తవులలో బెక్కురు పెండ్లికి గులమునే వెదకుచున్నారు. వివాహప్రకటనలలో క్రైస్తవుడను మాట ప్రక్కనే కులము పేరును నచ్చగుచున్నది. 1950 వ సంవత్సరమున వెలువడి, 1956 లోను 1990 లోను సవరింపబడిన రాష్ట్రపతి యుత్తరువు హిందువులను, సిక్కులను, బౌద్ధులను మాత్రమే షెడ్యూల్డు కులములలో జేర్చినది. బాప్తిస్మముతో కులము పోవునని చట్టము తలచినట్లున్నది. పోలేదని దళిత క్రైస్తవులు మొఱపెట్టుచున్నారు. వారు సత్యమునే చెప్పుచున్నారు. కాని యా సత్యము సంఘమునకెంత సిగ్గుచేటో యెవ్వరైన దలపోసిరా? ప్రభుత్వము వారికి న్యాయము చేయవలసినదే. అయినను, ప్రభుత్వము నడుగుటకు ముందు సంఘము తన్ను దానడుగుకొనవలెను.

ఈ దోషము క్రైస్తవులదే యని యితరులు సంతోషింపనక్కఱలేదు. ఆ కులమును వారు పడమటి దేశములనుండి తెచ్చుకొనలేదు. మన వీథులనుండియే మోసికొనిపోయిరి.

దైవరాజ్యము హృదయమునకు సంబంధించినది, వ్యవహారములతో దానికేమి పనియని యడుగు బోధకులకు మాదొకటే మాట. హృదయములో రాజు మాఱినచో జేతిలో దూనికరాయి మాఱకుండునా? దేవుని చిత్తము పరలోకమునందువలెనే భూమియందును నెఱవేఱవలెనని ప్రతిదినము ప్రార్థించువారు, భూమి యను మాట వచ్చినప్పుడు కనులు మూసికొనుట న్యాయము కాదు.

బడిలో బాఠము చెప్పినంతమాత్రమున విద్య వచ్చినట్లు కాదు, పరీక్షవలన దెలియవలెను. ఆదివారపు ప్రసంగమునకు సోమవారమే పరీక్ష. కూలివాని కూలి ప్రొద్దుగ్రుంకకముందే చేతబడినదా? ఊరిలో నున్న రెండు మందిరములవారు నొక్క బల్లయొద్ద రొట్టె తినిరా? మాలయు మాదిగయు వియ్యమందిరా? చచ్చినవారినైన నొకే గోడ లోపల బూడ్చిరా? ఈ ప్రశ్నలకు ఔనని చెప్పగలిగిన యూరిలో దేవుని రాజ్యము వచ్చినదని మేమును నమ్ముదుము. చెప్పలేని యూరిలో నెన్ని గంటలు మ్రోగినను, ఏలువాడు దేవుడు కాడు, కులమే.